డేగ పుంజు, చారల పెట్ట

పశ్చిమ గోదావరిలో కోడిపుంజుకి వేరే పేరు అక్కర్లేదు. రంగే దాని పేరు. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతువ. వీపు మీదో రెక్కల మీదో పసుపు తిరిగితే నెమలి. మెడ మీద నలుపూ తెలుపూ సరిసమానంగా కలిస్తే పర్ల. ఎరుపులో బూడిద కలిస్తే మైల. నలుపు, ఎరుపు, పసుపు మూడూ ఉంటే కౌజు. ఆ తరవాత పింగళ, పూల, సవల, అబ్రాసు, గేరువా... జాబితా పొడుగే.

ఈ సంవాదంలో ఇద్దరున్నారు. మావయ్య భీమవరం దగ్గర పల్లెలో వయసొచ్చినప్పట్నుంచీ జాతి కోళ్లు పెంచుతున్న మనిషి. మేనకోడలు పశువైద్యం చదివింది. ఉద్యోగం చేసుకుంటూ, ఇంటి వెనక దొడ్లో రకరకాల కోళ్లని కలిపి ఏ రంగు వస్తుందో చూసే పిచ్చిలో పడింది. ఆయన దగ్గర డేగ పుంజుని అడిగి తీసుకెళ్లి, తన దగ్గరున్న నలుపు తెలుపు చారల ప్లిమత్ రాక్ పెట్టలకి వేసింది. పిల్లలు దిగాయి. ఒక్కటీ ఎర్రగా లేదు. మాట అక్కణ్నుంచి మొదలైంది. నేను విన్నవాణ్ణి మాత్రమే, కానీ ఒకటి రెండు చోట్ల నోరు ఆపుకోలేకపోయాను.

మావయ్య: పుంజుని పంపమంటే పంపాను. నీ పెట్టలకి సరైన మగతోడు దొరకలేదేమో అనుకున్నాను. తీరా చూస్తే గంప నిండా నల్లపిల్లలు. డేగకి డేగ పుట్టాలి కదే?

మేనకోడలు: మీ దొడ్లో ఎప్పుడూ డేగకి డేగే పుట్టిందా మావయ్యా?

మావయ్య: డేగ పెట్టకి వేస్తే డేగలే. కాకి పెట్టకి వేస్తే కొన్ని అటు, కొన్ని ఇటు. ఒక్కో కాకి పెట్టకైతే అన్నీ కాకులే. అది పెట్టని బట్టి ఉంటుంది.

మేనకోడలు: పెట్ట లోపల దాచుకున్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రతి కోడికీ ఒక్కో లక్షణానికి రెండు చీటీలుంటాయి అనుకోండి. తల్లి ఇచ్చింది ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి. నలుపు చీటీ ఒక్కటుంటే చాలు, కోడి నల్లగానే కనిపిస్తుంది. రెండూ నలుపైతే దాని పిల్లలన్నీ నలుపు. ఒకటి నలుపు, ఒకటి డేగ అయితే డేగ పుంజుకి వేసినప్పుడు సగం కాకులు, సగం డేగలు. మీరు చూసింది సరిగ్గా అదే. ప్లిమత్ రాక్‌కి రెండూ నలుపే. అందుకే నా గంపలో అన్నీ నలుపు. ఎదిగాక పుంజుల మెడ మీద కాస్త ఎరుపు బయటికి వస్తుంది చూడండి, మీ డేగ అక్కడ తొంగిచూస్తుంది.

మావయ్య: సరే, ఇది చెప్పు. ఒకసారి నెమలి పుంజుకీ డేగ పెట్టకీ తెల్లపిల్ల లేచింది. పక్కింటి సేతువ గోడ దూకిందని మీ అత్త అంది. తాత రక్తం తిరిగిందని నేనన్నాను. ఇద్దరం రెండ్రోజులు మాట్లాడుకోలేదు.

మేనకోడలు: మీ మాటకే బలం ఎక్కువ. తెలుపులో ఒక రకం ఉంది, రెండు చీటీలూ తెలుపైతేనే బయటపడుతుంది. ఒక్కటే ఉంటే లోపల పడుకుంటుంది, కోడి మామూలు రంగులోనే ఉంటుంది. అలాంటివి రెండు కలిస్తే నాలుగు పిల్లల్లో ఒకటి తెల్లగా రావచ్చు. డార్విన్ కూడా దీని చుట్టూ తిరిగాడు. నల్ల స్పానిష్ పుంజుని తెల్ల సిల్కీ పెట్టకి వేస్తే, పిల్లల్లో ఒక పుంజు అడవి పుంజులా ఎర్రటి ఈకలతో ఎదిగింది. తల్లిదండ్రుల్లో ఎవరికీ ఎరుపు లేదు. 1868లో అచ్చయిన పుస్తకంలో అది రాశాడు. ఎందుకొచ్చిందో ఆయనకి తెలియదు. మెండెల్ కట్టిన ఈ చీటీల లెక్క అప్పటికే అచ్చయి ఉంది, కానీ దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

మావయ్య: అంత పెద్దాయనకీ తాత రక్తం అనే తోచిందన్నమాట.

మేనకోడలు: దాదాపు అంతే. ఆ లెక్క జంతువులకీ వర్తిస్తుందని మొదట చూపించింది కూడా కోళ్లతోనే. 1902లో ఇంగ్లండులో బేట్‌సన్ అనే శాస్త్రవేత్త కోడి తురాయి ఆకారాల మీద చూపించాడు. ఇప్పుడు మీకు ఇంకో తిరకాసు చెప్తాను. వైట్ లెగ్‌హార్న్ పెట్టకి మీ డేగని వేస్తే ఏమొస్తాయి?

మావయ్య: చెప్పేదేముంది, ఎర్రవీ తెల్లవీ కలిసి వస్తాయి.

మేనకోడలు: దాదాపు అన్నీ తెల్లవే. అక్కడక్కడ ఒక నల్ల చుక్క, ఛాతీ మీద కాస్త ఎరుపు, అంతే. లెగ్‌హార్న్ తెలుపుకి ఒక్క చీటీ చాలు, మిగతా రంగుల్ని కప్పేస్తుంది. ముఖ్యంగా నలుపుని. మీ దొడ్లో పుట్టింది ఒక తెలుపు, ఇది పూర్తిగా వేరే తెలుపు. మీరు రెండింటినీ సేతువ అనే అంటారు.

మావయ్య: కంటికి తెల్లగా ఉన్నదాన్ని సేతువ అనక ఏమంటాం? లోపలి చీటీలు చదివి పేరు పెట్టాలంటే కోడికి జాతకం రాయించాలి.

మేనకోడలు: మీరు నిజంగానే రాయిస్తారు కదా! ఏ నక్షత్రం వాడు, ఏ వారం, ఏ జామున, ఏ రంగు పుంజుని ఏ దిక్కు నుంచి వదలాలో కుక్కుట శాస్త్రం చూసి చెప్తారు. ఒకే రంగు పైకి కనిపిస్తున్నా లోపల రెండు మూడు రకాలు ఉండొచ్చని ఇప్పుడే చూశాం. ఏ లోపలి సంగతిని బట్టి మంగళవారం దానికి గెలుపు రాస్తారు?

మావయ్య: కుర్రతనంలో నమ్మాను. గెలిస్తే శాస్త్రం నిజమనేవాళ్లం. ఓడితే ఘడియ తప్పిందనేవాళ్లం. శాస్త్రం మాత్రం ఎప్పుడూ ఓడలేదు. కానీ అమ్మాయ్, ఆ పుస్తకాన్ని పూర్తిగా అవతల పారేయకు. మెడ ఈక ఎలా ఉంది, కంటి రంగేమిటి, కాలి రంగేమిటి అని ఇంత వివరంగా చూసినవాళ్లు చూడటం తెలియనివాళ్లు కాదు. పింగళ అనగానే నాకు తెల్ల రెక్క మీద అక్కడక్కడ నలుపు, గోధుమ ఈకలు కళ్లకి కట్టినట్టు కనపడతాయి. నీ చదువులో దానికి ఒక్క మాట ఉందా?

మేనకోడలు: లేదు. అది ఒప్పుకుంటాను. పేర్లు మీవి తీసుకుంటాను, వారాలు వదిలేస్తాను. కోడిపందేల బరి సంగతి అసలు ఎత్తను. 1960 జంతుహింస నిరోధక చట్టం ఒకటి, 1974 రాష్ట్ర జూద చట్టం ఒకటి, రెండూ కాదన్న పని అది.

(ఇక్కడ నేను ఆమె పక్షమే. సంక్రాంతి సందడి ఎంతైనా చెప్పుకోండి, కాలికి కత్తి కట్టి వదిలిన పుంజు రంగు గురించి చర్చ నెత్తురు రంగు దగ్గరే ఆగిపోతుంది. మావయ్య కూడా ఆ మాటకి జవాబివ్వలేదు, మాట మార్చేశాడు.)

మావయ్య: ఇంతకీ ఈ చారలేమిటి, ఈ నల్లపిల్లలేమిటి, దీనివల్ల ఎవరికి లాభం?

మేనకోడలు: ఆ గంపలో పిల్లల్ని ఒక్కొక్కటీ పట్టి తల చూడండి. కొన్నింటికి నడినెత్తిన తెల్ల మచ్చ ఉంటుంది. మిగతావి నున్నగా నలుపు. మచ్చ ఉన్నవన్నీ పుంజులు. లేనివన్నీ పెట్టలు.

మావయ్య: గుడ్డులోంచి దిగిన రోజునా? పిల్ల తురాయి ఎర్రబడేదాకా నేనే ఖాయంగా చెప్పలేను.

మేనకోడలు: ఇక్కడ చెప్పొచ్చు. ఎలాగంటే, మనుషుల్లో ఆడా మగా తేల్చేది తండ్రి. కోళ్లలో అది తిరగబడింది. పుంజుకి జెడ్ క్రోమోజోములు రెండు. పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్ట తన జెడ్‌ని కొడుకులకే ఇస్తుంది. కూతుళ్లకి ఇచ్చేది డబ్ల్యూ. చారల చీటీ ఉండేది ఆ జెడ్ మీద. కాబట్టి చారల తల్లి చారలు కొడుకులకే వెళ్తాయి. పిల్ల దశలో ఆ చారే నెత్తి మీద మచ్చగా కనపడుతుంది. కూతుళ్లకి తండ్రి జెడ్ ఒక్కటే, మీ డేగది. దాని మీద చార లేదు.

మావయ్య: పుంజు చారలది, పెట్ట డేగ అయితే?

మేనకోడలు: అప్పుడు కొడుకులకీ కూతుళ్లకీ చారలు వచ్చేస్తాయి, గుర్తు పట్టే కిటుకు పోతుంది. ఎటు నుంచి ఎటు వేశామన్నదే ఇందులో అసలు సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో తిండికి కటకట వచ్చినప్పుడు, గుడ్డు పెట్టని పుంజుపిల్లల్ని నెలల తరబడి మేపడం ఎందుకు, రంగుతోనే మొదటి రోజు ఏరేయొచ్చు కదా అని పన్నెట్ అనే శాస్త్రవేత్త సలహా ఇచ్చాడు. తరవాత 1920ల చివర్లో పీజ్‌తో కలిసి కేంబ్రిడ్జిలో కేంబార్ అనే జాతినే కట్టాడు. అందులో ప్రతిసారీ రెండు జాతుల్ని కలపక్కర్లేదు. పుంజుకి చారల చీటీలు రెండు, పెట్టకి ఒకటే కాబట్టి ఒకే జాతిలో పుంజుపిల్ల లేతగా, పెట్టపిల్ల ముదురుగా పుడతాయి.

మావయ్య: అవునే, మన చారల కోళ్లలోనూ పుంజు ఎప్పుడూ పెట్ట కంటే తెల్లగా ఉంటుంది. ముసలితనం వల్ల అనుకునేవాణ్ణి. అది సరే, ఏరేసి ఏం చేస్తారు?

మేనకోడలు: గుడ్ల కోళ్ల హేచరీల్లో... మొదటి రోజే చంపేస్తారు.

మావయ్య: చెప్పవేం గట్టిగా! నా దగ్గర పుంజుపిల్ల పుడితే పండగ. నీ చదువు పుంజుపిల్లని గుర్తుపట్టడం నేర్పింది ఎందుకంటే చంపడానికి. మళ్లీ బరి గురించి నాకు చట్టం చదువుతావు.

మేనకోడలు: ఆ దెబ్బ తగిలింది మావయ్యా. కానీ దొడ్లో లెక్క వేరు. ఇక్కడ పుంజుకే ధర ఎక్కువ. ఏది పుంజో ముందే తెలిస్తే పెట్టపిల్లల్ని ఉంచుకుని పుంజుల్ని అమ్మాలా, లేక తిరగేసి చేయాలా అన్నది ఆడవాళ్లు మొదటి వారంలోనే తేల్చుకోవచ్చు.

మావయ్య: ధర అన్నావు కదా, అక్కడికే వస్తాను. నాకు రంగు మీద ఉన్న అసలు కోపం అదే. సంతలో ఎర్రటి కోడిని చూపించి నాటుకోడి అంటాడు. తెల్లదైతే ఫారం కోడి. కొనేవాడు ఈక చూసి కిలోకి రెట్టింపు ఇస్తాడు. ఇంటికి తీసుకెళ్లి మొదట చేసే పని ఆ ఈక పీకేయడం. హేచరీల్లో ఇప్పుడు రంగు కోళ్లని కూడా ఫారం కోళ్లలాగే పెంచి దింపుతున్నారు. రంగు అబద్ధం చెప్పడం నేర్చుకుంది. నీలాంటివాళ్లు దానికి ఇంకా మాటలు నేర్పుతున్నారు.

మేనకోడలు: రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అనే పెరటి కోళ్ల రకాలు తయారుచేసినప్పుడు రంగు ఈకలు కావాలనే ఉంచారు. పల్లెలో తెల్లకోడిని ఎవరూ తమ కోడి అనుకోరని వాళ్లకి తెలుసు. అది మోసం కాదు, వాటి పేరుతోనే ఇస్తారు. వనరాజా దొడ్లో తిరిగి ఏడాదికి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. మీ జాతి పెట్ట అందులో సగం పెడితే గొప్ప. పైగా రంగు ఒక్క ధర కోసమే కాదు. గద్ద పైనుంచి చూస్తే ఎవరు ముందు కనపడతారు?

మావయ్య: తెల్లపిల్ల. అందులో మాట లేదు. తల్లి వెనక పదిపిల్లలుంటే మొదట పోయేది తెల్లదే. మట్టి రంగు పిల్ల కదలకుండా కూర్చుంటే నాకే దొరకదు. అడవి పెట్ట ఒంటి రంగు అందుకే అలా ఉంటుంది, పొదుగు మీద కూర్చున్నప్పుడు ఎండుటాకుల్లో కలిసిపోవాలి. కానీ చూడు, నీ వనరాజా పొదుగుకు కూర్చుంటుందా?

మేనకోడలు: సరిగ్గా కూర్చోదు.

మావయ్య: మరి మళ్లీ పిల్లలు కావాలంటే?

మేనకోడలు: మళ్లీ హేచరీకి వెళ్లాలి.

మావయ్య: నా పెట్ట గుడ్లు తక్కువే పెడుతుంది. 21 రోజులు గంపలోంచి కదలదు. మేతకి దిగి మళ్లీ ఎక్కేటప్పుడు గుడ్డు చల్లారనివ్వదు. ముంగిస మీదికి దూకుతుంది. కుక్క ముఖం మీద రక్కుతుంది. పక్కింటి పెట్ట గుడ్లు పెట్టినా తన పిల్లలే అనుకుంటుంది. నేను ఏరుకున్నది ఆ తల్లిని. దాని రంగు నాకు రెండోది. నువ్వు రంగుని మొదట పెట్టావు. నీ చీటీల లెక్కలో ఈ తల్లితనానికి చీటీ ఎక్కడ?

మేనకోడలు: ఉంది, కానీ ఒక్క చీటీ కాదు. బోలెడు చీటీలు కలిస్తే వచ్చేది. రంగు కనపడినంత తేలిగ్గా అది కనపడదు. ఏళ్ల తరబడి పెంచి, పొదిగించి చూస్తేనే తెలుస్తుంది.

మావయ్య: అదే నేనంటున్నది. తేలిగ్గా కనపడేదాని కోసం కనపడనిదాన్ని పోగొట్టుకుంటావు. ఇంతకీ ఏ రంగు కోసం ఇదంతా?

మేనకోడలు: నీలం. నిజం నీలం కాదు, ఉక్కు బూడిద. ఆండలూసియన్ కోడి రంగు, ఈక అంచున సన్నటి ముదురు గీత. మీ మైలలో ఎరుపు తీసేస్తే కాస్త దగ్గరికి వస్తుంది. నల్లకోడికి నలుపు పలచబరిచే చీటీ ఒకటి పడితే నీలం. రెండూ పడితే మురికి తెలుపు మీద సిరా చిందినట్టు మచ్చలు. అందుకని నీలానికి నీలం వేస్తే నాలుగులో రెండు నీలాలు, ఒకటి నలుపు, ఒకటి మచ్చలది. వందేళ్లకి పైగా పెంచినా అంతే. ఆ రంగు నిలవదు, నిలవడం దాని స్వభావం కాదు.

మావయ్య: నిలవని రంగుకి ఇంత తాపత్రయమా! సగం పిల్లలు నీకు పనికిరానివి.

మేనకోడలు: పనికిరానివేం కాదు. నల్లదాన్ని మచ్చలదానికి వేయండి, పుట్టే ప్రతి పిల్లా నీలమే. ఒక్కటీ తప్పదు.

మావయ్య: అంటే నీలం కావాలంటే నీలాన్ని ఉంచుకోకూడదు. నల్ల మందొకటి, మచ్చల మందొకటి విడివిడిగా కట్టాలి. నీ దొడ్డి ఎంత? నాలుగు కొబ్బరిచెట్లు, ఒక పంపు. అందులో రెండు మందలకి రెండు కంచెలు, మళ్లీ పిల్లలకి ఒకటి. మందలు చిన్నవైతే ఏమవుతుంది? అన్నకి చెల్లెల్ని, తండ్రికి కూతుర్ని వేస్తావు. రెండు మూడు తరాలకి గుడ్లు మురుగుతాయి, లేచిన పిల్లలు డొక్కు పిల్లలు, కొక్కెర తెగులు వస్తే మొదట వాలిపోయేవి అవే. మనుషుల్లోనే మేనరికాలు మానేస్తున్నారు, కోళ్లకి అంతకంటే దగ్గర సంబంధాలు చూస్తావా?

(పుస్తకం చదివిన ఆమె కంటే పుస్తకం చదవని ఆయన ఇక్కడ ఎక్కువ శాస్త్రం మాట్లాడాడని నాకనిపించింది. దొడ్లో రంగులు కలిపేవాళ్లు సాధారణంగా ఓడిపోయేది రంగు దగ్గర కాదు. రంగు సాధించిన మూడో ఏడు, పొదిగేసిన పన్నెండు గుడ్లలో నాలుగే పిల్లలు దిగినప్పుడు.)

మేనకోడలు: మీరేం చేస్తారు?

మావయ్య: పుంజుని మారుస్తాం. నా పుంజు కూతుళ్లు గుడ్లకి వచ్చేసరికి అది ఈ దొడ్లో ఉండదు. ఇంకో ఊరి బంధువుల దొడ్లో ఉంటుంది, వాళ్ల పుంజు ఇక్కడ ఉంటుంది. మా నాన్న కూడా అంతే చేసేవాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మేనకోడలు: దాన్నే మా పాఠాల్లో పెద్ద పేరు పెట్టి, బొమ్మలు గీసి చెప్పారు. అందులో నాకు తగాదా లేదు. కానీ నేను కష్టమైన పని ఎత్తుకోలేదు మావయ్యా. నలుపు, ఎరుపు, చారలు, నీలం, ఇవన్నీ ఒక్కో చీటీతో తేలిపోతాయి. ఈక ఈకకీ చుట్టూ నల్ల అంచు తీర్చినట్టు ఉండే కోళ్లున్నాయి, ఆ నమూనాకి మూడు నాలుగు చీటీలు సరిగ్గా జతపడాలి. మూడు జతలు ఒకేసారి కుదరాలంటే 64 పిల్లల్లో ఒకటి. మీ పెట్ట ఒక పొదుగుకి పది పన్నెండు గుడ్ల మీద కూర్చుంటుంది. దొడ్లో అయ్యే పని కాదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో సర్ జాన్ సెబ్రైట్ అనే జమీందారు ఏళ్ల తరబడి కూర్చుని సాధించాడు. అరచేతిలో పట్టేంత కోడి, బంగారు ఈకకి నల్ల అంచు. దాని విచిత్రం ఏమిటంటే పుంజు కూడా పెట్టలాగే ఉంటుంది. మెడ మీద సన్నటి మొనతేలిన ఈకలుండవు, తోకలో కొడవలి ఈకలుండవు.

మావయ్య: పెట్టమారు!

మేనకోడలు: ఏమిటీ?

మావయ్య: పెట్టమారు పుంజు అంటాం. తురాయి చూస్తే పుంజు, కూత పుంజుది, ఈక మాత్రం పెట్టది. అవతలి పుంజు దాన్ని చూసి పెట్ట అనుకుని ఏమరుపాటున ఉంటుందని పాతవాళ్లు దాని మీద ఎక్కువ కాసేవారు. మీ జమీందారు దగ్గరికి అది ఎలా వెళ్లింది?

మేనకోడలు: అదీ ఇదీ ఒకటేనని చీటీ చూడకుండా అనలేను, కానీ సెబ్రైట్‌లో జరిగేది తెలుసు. దాని చర్మంలోనే మగ హార్మోను ఆడ హార్మోనుగా మారిపోతుంది. ఈక మొలిచే చోట ఆడ హార్మోను ఉంటే ఈక పెట్ట ఈక. అంటే మనం అనుకునేదానికి ఇది తలకిందులు. పుంజు మెరుపులు మగతనం వల్ల వచ్చినవి కావు. ఆడ హార్మోను లేకపోతే ఏ కోడికైనా వచ్చేవే. పెట్టకి పనిచేసే అండాశయం ఒక్కటే, ఎడమవైపుది. ముసలితనంలోనో జబ్బు చేసో అది దెబ్బతింటే, తరవాతి ఈక మార్పుకి పెట్టకి పుంజు మెడ, పుంజు తోక వచ్చేస్తాయి. ఒక్కోసారి కూస్తుంది కూడా.

మావయ్య: పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని అదే రోజు కోసేసేవాళ్లం. మా అమ్మమ్మ దగ్గర ఒకటి అలాగే కూసింది. ఆవిడ దాని మెడ పట్టుకుని ఏడ్చింది, ఎన్నో పొదుగులు తీసిన పెట్ట అది. అండాశయం పోయిందన్నమాట పాపం.

(ఇంత సేపట్లో ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తిగా విన్నది ఇక్కడే. తగాదా మరిచిపోయారేమో అనుకున్నాను. లేదు.)

మేనకోడలు: అందుకే అంటున్నాను, రంగు చూసేవాళ్లు ఊరికే రంగు చూడరు. ఎక్కణ్నుంచి వచ్చిందో అడుగుతారు. మీ పుంజు పసుపు కాళ్లు చూడండి. ఊరి కోళ్లన్నీ ఎర్ర అడవికోడి సంతానమే అనుకునేవాళ్లు. 2008లో తేలిందేమిటంటే పసుపు చర్మం చీటీ ఎర్ర అడవికోడిది కాదు, మన దక్షిణాదిలో తిరిగే బూడిద అడవికోడిది. అంటే ఎప్పుడో ఎవరిదో దొడ్లోకి అడవి నుంచి ఒక పుంజు దిగింది. మీరు జాతి జాతి అంటున్నది కూడా ఒకప్పుడు కలిసిందే.

మావయ్య: కలిసింది కాదనను. కానీ కలిసిన తరవాత ఎన్ని వందల ఏళ్లు ఏరుకుంటూ వస్తే ఇలా నిలబడింది? నువ్వు ఒక వేసవిలో కలిపి, ఒక సంక్రాంతికి అమ్మి, మళ్లీ ఏడాది ఇంకో రంగు మొదలుపెడతావు. ఆ నల్లమాంసం కోడి పిచ్చి చూశాం కదా. ఎక్కడో మధ్యప్రదేశ్ కోడి...

మేనకోడలు: ఝాబువా. కడక్‌నాథ్‌కి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

మావయ్య: ఆ గుర్తింపు వచ్చాక మా సంతలో నల్ల ఈక ఉన్న ప్రతి కోడీ కడక్‌నాథే. కోసి చూస్తే లోపల తెలుపు.

మేనకోడలు: నల్ల ఈక చీటీ వేరు, నల్ల చర్మం చీటీ వేరు. తెల్ల ఈకతో నల్లమాంసం సిల్కీకి ఉంది, నల్ల ఈకతో తెల్లమాంసం మీ కాకికి ఉంది. ఈ రెండు ముక్కలు తెలిసిన మనిషిని ఎవరూ మోసం చేయలేరు. మోసపోయేది తెలియనివాళ్లే. నా చదువుని మోసగాడి పక్కన కూర్చోబెట్టకండి మావయ్యా.

మావయ్య: కూర్చోబెట్టను. కానీ ఆ పసుపు చీటీ బూడిద చీటీ అంటూ నా డేగని మాత్రం మళ్లీ అడగకు. ...అయినా ఒకటి చెప్పు. ఈ నల్ల పెట్టపిల్లలు ఎదిగాక వాటిని మళ్లీ డేగకి వేస్తే?

మేనకోడలు: సగం నల్లవి, సగం డేగ దారిలోవి. చారలు రావు, ఎందుకంటే ఆ చారలు అన్నల దగ్గరే ఉండిపోయాయి. అమ్మమ్మ నుంచి గుడ్లు, తండ్రి వైపు నుంచి పొదుగు రెండూ ఉన్న పెట్ట ఆ సగంలో దొరుకుతుందని నా ఆశ. రంగు చూసి కాదు, ఎవరు పొదుగుకు కూర్చుంటారో చూసి ఏరుతాను. మీరే దగ్గరుండి ఏరండి.

మావయ్య: అది బాగుంది. కానీ ఈ డేగ కాదే, ఇది వాటికి తండ్రి.

మేనకోడలు: అందుకే ఆచంట బాబాయి దగ్గర డేగ ఉంది కదా, దాన్ని అడిగిద్దాం అనుకుంటున్నాను.

మావయ్య: వాడి దగ్గరా? వాడి దగ్గర డేగ ఎప్పుడుంది? నువ్వు దాని మెడ చూశావా, నలుపు దిగి పసుపు కొడుతోంది. అది కౌజు. ముప్పై ఏళ్లుగా వాడు దాన్ని డేగ అనే అంటున్నాడు.